కూలి డబ్బు వెళ్ళే దారి

గుడివాడ నుంచి బందరు, బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ, అక్కడి నుంచి కోడూరు దాటితే హంసలదీవి. పొద్దున్నే బస్సెక్కినవాళ్ళు మధ్యాహ్నానికల్లా కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి చేరుకోవచ్చు. నేను అంత తొందరపడలేదు. దిగిన ప్రతిచోటా ఒకే సంగతి అడుగుతూ వెళ్ళాను. తుపాను వెలిశాక మీ చేతికి మొదటి కూలి డబ్బు ఎప్పుడొచ్చింది, ఏం పని చేస్తే వచ్చింది, ఎవరు లెక్క రాశారు?

అలా అడగడానికి కారణం నేను చేసిన ఉద్యోగం. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఇండోనేషియాలోని బాండా ఆచే నగరంలో ఒక విదేశీ సహాయ సంస్థలో పనిచేశాను. సముద్రం తెచ్చిపోసిన బురదను, కూలిన ఇళ్ళ శిథిలాలను అక్కడి జనం చేతనే ఎత్తించి, ఆ పనికి రోజుకూలి చెల్లించే పథకాలు ఆ నగరంలో వాడవాడలా నడిచాయి. మెర్సీ కోర్ అనే సంస్థ అప్పట్లో రోజుకు 35,000 రుపియాలు ఇచ్చేది. డాలర్లలో చూస్తే నాలుగుకు కొంచెం తక్కువ. జాబితాలు సరిచూడటం, మస్టర్లు అనే కూలీల హాజరు పట్టీలు తనిఖీ చెయ్యడం, పని కొలతలు తీసుకోవడం, బట్వాడా జరిగేటప్పుడు దగ్గర కూర్చోవడం నా పని. సముద్రంలో ఉండాల్సిన, కరెంటు ఉత్పత్తి చేసే ఒక ఓడ రెండు మూడు కిలోమీటర్లు లోపలికి కొట్టుకొచ్చి ఇళ్ళ మధ్య ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని చూడటానికి యాత్రికులు వెళుతున్నారు. అప్పుడు మాత్రం ఆ చుట్టుపక్కల వీధుల్లో పార పట్టిన ప్రతి మనిషీ ఇంట్లో ఒకరినో ఇద్దరినో పోగొట్టుకున్నవాళ్ళే. వాళ్ళ చేతుల్లో మొదటి వారం కూలి పెట్టినప్పుడు ముఖాల్లో వచ్చిన మార్పు చూశాను. బియ్యం బస్తా అందుకునేటప్పుడు ఆ ముఖాలు అలా ఉండేవి కావు.

అదే సునామీ మన మంగినపూడి తీరాన్నీ తాకింది. ఆదివారం, పౌర్ణమి. సముద్రస్నానానికి వచ్చినవాళ్ళను అల లాక్కుపోయింది. రాష్ట్రం మొత్తం మీద వంద మందికి పైగా పోయారు. నేను ఎక్కడో పరాయి దేశంలో మస్టర్లు చూస్తూ ఉంటే, మా జిల్లా తీరంలో ఆ పని ఎలా జరుగుతోందన్న ఆలోచన నన్ను వదల్లేదు. ఇన్నేళ్ళకు ఆ దారి పట్టాను.

గుడివాడలో తెల్లవారుతూనే కూలీలు నిలబడే చోటికి వెళ్ళాను. తాపీపనివాళ్ళు, రంగులేసేవాళ్ళు, ఇసుక మోసే ఆడవాళ్ళు, క్యారేజీ సంచులు భుజాన వేసుకుని రోడ్డువారన నిలబడి ఉన్నారు. మేస్త్రీలు మోటారుసైకిళ్ళ మీద వచ్చి, ఇద్దరు కావాలి, ముగ్గురు కావాలి అని చెప్పి తీసుకుపోతున్నారు. ఎనిమిది దాటాక మిగిలినవాళ్ళు ఇంటిదారి పట్టారు. ముసురు పట్టిన వారమంతా ఇంతేనట. ఒకామె నాతో అన్న మాట రాసుకున్నాను.

“తుపానొస్తే మాకు రెండు దెబ్బలమ్మా. కొంప కారుద్ది, పని ఆగుద్ది. కొంపకైతే బరకం కప్పుకుంటాం. పనికేం కప్పుకుంటాం?”

ఆమె అడిగిన దానికి మన చట్టాల్లో జవాబు లేదు. పల్లెటూళ్ళో ఉన్న కూలీకి 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దాన్ని ప్రారంభించారు. అడిగితే పని, పనికి కూలి, పని దగ్గర నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె, పసిపిల్లలను చూసే మనిషి, ఇవన్నీ హక్కుగా రాసుకున్న చట్టం అది. పురపాలక సంఘం హద్దు దాటి లోపలికి వస్తే ఆ హక్కు ఆగిపోతుంది. పేర్లు మారినా, రూపాలు మారినా, పట్టణంలోని కూలీకి ఆ హామీ ఇప్పటికీ రాలేదు. ఒకప్పుడు కాస్త ఉండేది. 1997 డిసెంబరులో మొదలైన స్వర్ణజయంతి షహరీ రోజ్‌గార్ యోజనలో 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళకు కూలి పనుల భాగం ఒకటి పెట్టారు. వీధిలోని మహిళా సంఘాల సమాఖ్యలు పనులు చేయించాలని, ఖర్చులో సామగ్రికి 60 పాళ్ళు, కూలికి 40 పాళ్ళు ఉండాలని నియమం. 2013లో దాని స్థానంలో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ వచ్చినప్పుడు ఆ భాగాన్ని తీసేశారు. శిక్షణలు, అప్పులు, సంఘాలు మిగిలాయి. రోజుకూలి పోయింది. తుపాను మర్నాడు శిక్షణతో పొయ్యి వెలగదు.

గుడివాడ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేవాళ్ళు ఇద్దరు. పక్కనే రామాపురంలో పుట్టి, తన పేరుతో నడుస్తున్న ఇక్కడి కళాశాలకు అండగా నిలిచిన అక్కినేని నాగేశ్వరరావు ఒకరు. పామర్రు దగ్గర నిమ్మకూరులో పుట్టి, 1983లో ఇక్కడి నుంచే శాసనసభకు వెళ్ళిన ఎన్.టి. రామారావు ఇంకొకరు. 1977లో ఉప్పెన కృష్ణ పాయల మధ్యనున్న దివిసీమను ముంచెత్తాక, అక్కడివాళ్ళ కోసం జోలెపట్టి ఊరూరా తిరిగిన సినిమావాళ్ళలో ఈ ఇద్దరూ ముందున్నారు. ఆ రోజుల్లో బయటి దేశాల నుంచి వచ్చిన డబ్బు గురించి చెప్పుకునేటప్పుడు తెలుగు పల్లెలు జోలెల్లో వేసిన రూపాయి, అర్ధరూపాయిని ముందు లెక్కలోకి తీసుకోవాలి.

బందరు చేరేసరికి ఎండ ముదిరింది. ఈ ఊరికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీదికి వచ్చినప్పుడు ఇక్కడా చుట్టుపక్కలా పోయినవాళ్ళు 30 వేల మంది అని లెక్క. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు పోటీపడి వర్తకం చేసిన రేవు ఆ దెబ్బతో మళ్ళీ పూర్వపు స్థితికి రాలేదు. రెండేళ్ళకు, 1866లో, పురపాలక సంఘం ఏర్పడింది. ఇప్పుడది నగరపాలక సంస్థ.

గిలకలదిండి వైపు ఒక మత్స్యకార వాడలో ఒక పెద్దావిడ ఎండుచేపలు తిరగేస్తూ నాతో మాట్లాడింది. తుపాను హెచ్చరిక వచ్చినప్పటి నుంచి పడవలు కట్టేస్తారు. వెలిశాక వలలు బాగుచేసుకోవడానికి, ఇంజను బురద కడగడానికి ఇంకొన్ని రోజులు. ఆ మధ్యలో ప్రభుత్వం బియ్యం, పప్పు, నూనె ఇస్తుంది.

“ఇచ్చారు, లేదన్ను. బియ్యం పెట్టి గ్యాసుబండ తెచ్చుకోగలమా చెప్పు? పిల్లోడికి జొరం వస్తే మందుల కొట్లో బియ్యం తీసుకుంటారా? వడ్డీకి తెచ్చాం. ఆ వడ్డీ సంక్రాంతి దాకా కట్టాం.”

“మీ వాడలో మురుగు కాలవ తీసే పని వస్తే చేసేవాళ్ళా, అమ్మా?”

“ఎందుకు చెయ్యం? మా కాలవే గదా. బయటి నుంచి మనుషుల్ని తెచ్చి తీయించారు. మేం గట్టు మీద నిలబడి చూశాం.”

ఈ ఒక్క మాటలో నా ఉద్యోగ జీవితమంతా ఉంది. పట్టణాలకు విదేశీ సాయం రాలేదని కాదు. బ్రిటిష్ ప్రభుత్వ నిధులతో హైదరాబాదులో, 1988 నుంచి విశాఖపట్నంలో, ఆ తర్వాత విజయవాడలో మురికివాడల అభివృద్ధి పథకాలు నడిచాయి. 2000లో మొదలైన పట్టణ పేదల సేవల పథకం ఉమ్మడి రాష్ట్రంలో లక్ష దాటిన ఊళ్ళన్నిటికీ విస్తరించి చివరికి 42 పట్టణాలకు చేరింది. బందరు, గుడివాడ రెండూ ఆ కోవలోవే. ఆ డబ్బుతో పేదల వీధులకు సిమెంటు రోడ్లు, డ్రెయిన్లు, దీపాలు వచ్చాయి. అవి కావలసినవే. వీధిలో డ్రెయిను కట్టించాలని పేదలే కూర్చుని నిర్ణయించుకోవడం అప్పటికి చిన్న విషయం కాదు. కానీ ఆ డ్రెయిను తవ్విన కూలి ఎవరి ఇంటికి వెళ్ళిందన్న లెక్క వీధిలో ఎవరూ చెప్పలేకపోయారు. డ్రెయిను పొడవు కాగితం మీద ఉంటుంది. తవ్వినవాళ్ళ పేర్లు మేస్త్రీ జేబులో ఉంటాయి. నా దృష్టిలో సహాయం విలువ ఆ రెండో కాగితంలో ఉంది.

అడిగినవాళ్ళకు నేను చెప్పే పద్ధతి ఇది. తుపాను వెలిసిన రెండో రోజే పని మొదలుకావాలి. పని పెద్దది అక్కర్లేదు. కాలవలో ఇరుక్కున్న చెట్టు తియ్యడం, బడి వరండాలో బురద కడగడం, మంచినీళ్ళ చెరువు గట్టు సరిచెయ్యడం చాలు. సొంత ఇంటి ముందు చెత్తకు కూలి ఇవ్వకూడదు, నలుగురూ వాడుకునే చోటికే ఇవ్వాలి. ఇంటికొకరు చొప్పున జాబితా రాయాలి. పనిచేసే మనిషి లేని ఇంటికి, ముసలివాళ్ళే ఉన్న ఇంటికి, బాలింత ఉన్న ఇంటికి పని అడక్కుండానే అంతే డబ్బు ఇచ్చెయ్యాలి. మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ ఒకటే కూలి. పని చోట బోర్డు మీద పని పేరు, మొత్తం ఎంత, కూలి ఎంత, ఎన్ని రోజులు అన్నవి రాసి పెట్టాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మస్టరు తియ్యాలి. బట్వాడాకు ముందు ఆ మస్టరును వీధిలో నిలబడి గట్టిగా చదవాలి.

చదవడం దగ్గరే అసలు పర్యవేక్షణ అంతా ఉంది. దొంగపేర్లను పట్టుకునే పని నాలాంటి పైనుంచి వచ్చిన మనిషి వల్ల అయ్యేది కాదు. ఫలానా ఆయన పట్నంలో ఉన్నాడు, ఫలానామె పురిటికి పుట్టింటికి వెళ్ళింది అన్నది వీధికే తెలుస్తుంది. పేరు పైకి చదివితే ఎవరో ఒకరు నోరు విప్పుతారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో కోట్‌కిరానాలో చేసింది ఇదే. పంచాయతీ మస్టర్లు తెచ్చి జనం మధ్య చదివారు. ఆ పద్ధతిని ప్రభుత్వమే తన యంత్రాంగంలో భాగం చేసుకున్న రాష్ట్రం మనది. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీ కోసం ఇక్కడ ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. ఊళ్ళో చదువుకున్న కూలీల పిల్లలే ఇల్లిల్లూ తిరిగి రికార్డులు సరిచూసి, మండలంలో ప్రజావేదిక పెట్టి చదివి వినిపించారు. ఇంత నేర్చిన రాష్ట్రం ఆ విద్యను పురపాలక హద్దు బయటే ఉంచేసింది.

కూలి ఎంత ఉండాలన్నది కష్టమైన ప్రశ్న. బజారు రేటు కంటే కాస్త తక్కువ పెడితే నిజంగా అవసరమున్నవాళ్ళే వస్తారని సహాయ సంస్థలు ఎప్పటి నుంచో నమ్ముతున్నాయి. 2010 భూకంపం తర్వాత హైతీ రాజధానిలో శిథిలాలెత్తినవాళ్ళకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అక్కడి కనీస వేతనానికి కాస్త అటూ ఇటూగా కూలి ఇచ్చింది. 2013లో హయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్ నగరాన్ని తుడిచిపెట్టినప్పుడు తైవాన్ బౌద్ధ సేవాసంస్థ జూ చీ రోజుకు 500 పెసోలు ఇచ్చింది. అక్కడి కనీస వేతనానికి అది దాదాపు రెట్టింపు. ఎక్కువిస్తే చేలోకి, కొట్లోకి మనుషులు రారని ఒక వాదన. ఇల్లు పోయిన మనిషికి బేరమాడే సమయమా ఇది అని ఇంకొక వాదన. నేను రెండో వాదన పక్షం, ఒక సవరణతో. కూలి బజారు రేటుకు ఇవ్వాలి, పని ఒంటిపూట పెట్టాలి. మిగతా పూట వల అల్లుకునేవాడు అల్లుకుంటాడు, కొట్టు తెరుచుకునేవాడు తెరుచుకుంటాడు. బందరు చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనివాళ్ళకు ఇలా కుదురుతుంది. కరెంటు వచ్చేదాకా వాళ్ళ బల్లలు ఖాళీ. వచ్చిన రోజు నుంచి సాయంత్రాలు వాళ్ళ పని వాళ్ళకుంటుంది.

చల్లపల్లిలో దిగి ఆ రాత్రి అక్కడే ఉన్నాను. ఈ ఊళ్ళో 2014 నవంబరు నుంచి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లవారుజామునే చీపుళ్ళు, పారలు పట్టుకుని రోడ్లు బాగుచేస్తున్నారు. వైద్యులు ముందుండి నడిపిస్తున్న పని. రోడ్డువారన పూలమొక్కలు చూస్తే ఊరి మీద గౌరవం కలిగింది. ఎవరికీ కూలి లేదు, ఎవరూ అడగరు. ఆచేలో మా పథకాల మీద వచ్చిన గట్టి విమర్శ ఇక్కడ గుర్తొచ్చింది. అక్కడ ఊరంతా కలిసి చేసే పనికి గోతోంగ్ రోయోంగ్ అని పాత ఆచారం ఉంది. డబ్బిచ్చి చెత్త ఎత్తించడం మొదలుపెట్టాక ఊరికే చేసే అలవాటు పోయిందని పెద్దలు బాధపడ్డారు. ఆ బాధలో నిజముంది. అందుకే వరుస తప్పకూడదంటాను. కూలి రోజులు ముందే ప్రకటించి, గడువు తీరగానే ఆపెయ్యాలి. ఊరు నిలదొక్కుకున్నాక శ్రమదానానికి తిరిగి వెళ్ళాలి. పడవ పోయినవాణ్ణి శ్రమదానం చెయ్యమనడం అన్యాయం. కడుపు నిండినవాళ్ళకు చీపురు పట్టినందుకు డబ్బివ్వడం ఇంకో అన్యాయం.

మర్నాడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి చూసుకుని పులిగడ్డ దగ్గర ఆగాను. కృష్ణ ఇక్కడ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయల నడుమ భూమే దివిసీమ. ఈ సీమకు సాగునీరు పాయ మీదుగా అక్విడక్టులో దాటి వస్తుంది. నీళ్ళ చప్పుడు వింటూ నిలబడితే ఈ దేశంలో కూలికి పని అనే ఏర్పాటు ఎంత పాతదో తలపుకొచ్చింది. 1876-78 కరువులో మద్రాసు రాజధాని లక్షల మందిని పోగొట్టుకుంది. ఆనకట్ట 1855లోనే పూర్తయి ఉండటంతో కృష్ణా డెల్టా ఆ కరువును కాస్త తట్టుకుంది. మిగతాచోట్ల కరువు పనులు పెట్టారు. మద్రాసు నగరంలో అడయారు, కూవం నదులను కలిపే కాలవ అప్పుడే తవ్వించి, గవర్నరు పేరున దానికి బకింగ్‌హాం అని పెట్టారు. కృష్ణా కాలవలకు కలిసే జలమార్గంలో అదొక ముక్క. తవ్వినవాళ్ళకు ఇచ్చిన కూలి మాటేమిటి? 1877 మొదట్లో భారత ప్రభుత్వ ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి మగమనిషికి రోజుకు ఒక పౌను తిండిగింజల వెల, పైన కాస్త చిల్లర చాలన్నాడు. ఆరోగ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ ఆ తిండితో కష్టం చేసే మనిషి బతకడని వాదించాడు. మే నెలలో కూలి పెంచక తప్పలేదు. అదే ఏడాది లండన్ మాన్షన్ హౌస్‌లో చందాలు పోగుచేస్తే 6 లక్షల పౌన్లకు పైగా వచ్చాయి. విదేశీ సాయం, కూలికి పని, కూలి రేటు మీద తగువు, తనిఖీ చేసే అధికారి, అన్నీ ఆనాడే ఉన్నాయి. 1880 కరువు కమిషన్, ఆ తర్వాతి కరువు నిబంధనలు ఆ చావుల మీద రాసినవే.

అవనిగడ్డలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన ఇంటికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చారు. 1977 నవంబరు 19 శనివారం నాటికి ఆయన యువకుడు. గాలి, వాన, ఆ తర్వాత ఐదు మీటర్ల ఎత్తున సముద్రం. అధికారిక లెక్కలోనే మృతులు దాదాపు 10 వేలు. జనం నోట అంతకు ఎన్నో రెట్లు. ఆ నీరు ఎంతదాకా వచ్చిందో గుర్తుగా స్మారక స్తూపం కట్టారు. ఈ ప్రాంత నాయకుడు, 1975 ప్రపంచ తెలుగు మహాసభలు నడిపిన మండలి వెంకట కృష్ణారావు ఈ పునరావాసానికి జీవితంలో పెద్ద భాగం ఇచ్చారు. బెల్జియం నుంచి వచ్చి గుంటూరులో 1969లో గ్రామ పునర్నిర్మాణ సంస్థ పెట్టిన జెసూట్ ఫాదర్ మైకేల్ విండీ, కాసా లాంటి చర్చి సంస్థలు, ఇంకా ఎందరో ఇళ్ళూ తుపాను షెల్టర్లూ కట్టారు.

“అమ్మాయ్, ఉప్పెన ఎప్పుడొచ్చిందో చూశావా? కోతల ముందు,” అన్నారు మాస్టారు. “సార్వా చేను చేతికొచ్చి ఉంది. కూలివాడికి ఏడాదిలో నాలుగు డబ్బులు కనబడేది ఆ కోతలు, నూర్పిళ్ళలోనే. పైరు పోయింది, కూలీ పోయింది. రైతుకి పొలం మిగిలింది, ఉప్పుకట్టినా రెండేళ్ళకు బాగుపడింది. వీడికేం మిగిలింది? జీపుల్లో తెల్లవాళ్ళొచ్చారు, దుప్పట్లిచ్చారు, ఇళ్ళు కట్టిస్తామన్నారు. కట్టించారు కూడా. మావాళ్ళు అడిగింది పని. పంటకాలవల్లో ఇసుక తీసే పని పెట్టాకగానీ ఊళ్ళోకి మనుషులు తిరిగి రాలేదు. కూలిలో కొంత డబ్బు, కొంత గోధుమలు.”

గోధుమల సంగతి నిజమే అయ్యుండాలి. కేంద్రం 1977 ఏప్రిల్‌లోనే పనికి ఆహార పథకం ప్రకటించింది. కూలిలో కొంత భాగం గింజల రూపంలో ఇచ్చేవాళ్ళు. 1980లో అది జాతీయ గ్రామీణ ఉపాధి కార్యక్రమంగా మారింది.

మాస్టారు అనుభవంతో చెప్పినదాన్ని పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు ఈ నేల మీదే తిరిగి పుస్తకంగా రాశాడు. 1977 నుంచి 1988 వరకు ఈ డెల్టా కుటుంబాలను పరిశీలించి 1992లో ప్రచురించాడు. భూమి, పశువులు, అప్పు పుట్టే పరపతి ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారని, లేనివాళ్ళు ఇంకా కుంగారని, ఇళ్ళూ షెల్టర్లూ మాత్రమే కడితే ఆ తేడా తీరదని ఆయన తేల్చాడు. షెల్టర్లు ప్రాణాలు కాపాడాయి, అందులో అనుమానం లేదు. 1990 మే 9న ఇంచుమించు అంతటి తుపానే ఈ తీరాన్ని తాకినప్పుడు లక్షల మందిని ముందుగానే తరలించారు. చావులు వెయ్యి లోపు. ప్రాణం కాపాడటం నేర్చుకున్నాం. ప్రాణం నిలిచిన మనిషికి మర్నాడు పొద్దున కూలి దొరికే ఏర్పాటు ఇంకా నేర్వలేదు.

కోడూరు దాటాక చేలు కోతకొచ్చి ఉన్నాయి. కోతకు కొన్ని రోజుల ముందే పైరులో మినుములు చల్లేస్తారు ఇక్కడ. ఇప్పుడు మిషన్లొచ్చి కోత కూలి చాలావరకు పోయింది. హంసలదీవి గుడి దాటి పాలకాయతిప్ప దగ్గర సముద్రపు కరకట్ట ఎక్కితే ఒకవైపు మడ అడవి కనిపిస్తుంది. విదేశీ డబ్బు, స్థానిక కూలి సరిగ్గా కలిసిన పని ఒకటి ఈ అడవుల్లో జరిగింది. 1990ల చివర్లో కెనడా నిధులతో స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి కృష్ణా, గోదావరి మడ అడవులను బాగుచేశాయి. చెట్టు చచ్చిపోయిన చోట్లకు పోటునీరు వెళ్ళి వచ్చేలా చేపముల్లు ఆకారంలో చిన్న కాలవలు తవ్వి మొక్కలు నాటారు. ఊళ్ళ కమిటీలను కూర్చోబెట్టి, ఆ ఊళ్ళవాళ్ళ చేతనే చేయించడం అందులో ముఖ్యం. కూలి ఇంటికి వెళ్ళింది, అడవి ఊరికి అడ్డుగా నిలిచింది. పట్టణంలో డ్రెయిన్లకూ ఈ పద్ధతే నప్పుతుంది. మడకు కాలవ ఎలాగో, బందరుకు మురుగుకాలవ అలాగే. నీరు పోయే దారి ఉంటే మనిషి బతుకుతాడు.

విదేశీ డబ్బు ఇప్పుడు మునుపటిలా రాదు. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించాక, ఆ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో చిన్న సంస్థకు అప్పగించే వీల్లేదు. ఢిల్లీలో ఒకే బ్యాంకు శాఖలో ఖాతా తెరవాలి. అవనిగడ్డలోనో బందరులోనో పదిమంది కలిసి నడిపే సంఘానికి పెద్ద సంస్థ ద్వారా వచ్చే దారి మూసుకుపోయింది. లెక్క అడగడం మంచిదే. లెక్క అడిగే పేరుతో లెక్క బాగా రాయగల చిన్నవాళ్ళను తప్పించడం మంచిది కాదు.

అందుకే ఇకముందు మన డబ్బుతో మనమే చెయ్యాలి. కష్టమేమీ కాదు. కేరళ 2010లోనే అయ్యన్‌కాళి పేరుతో పట్టణ ఉపాధి హామీ పెట్టింది. మనలాగే తుపాన్ల దెబ్బలు తినే ఒడిశా 2020లో పట్టణ కూలి పనులు మొదలుపెట్టి మహిళా సంఘాల చేతికి అప్పగించింది. మనకు 2007 నుంచి పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఉంది, వీధివీధినా పొదుపు సంఘాలున్నాయి, మస్టరు రాయగల ఆడపిల్లలున్నారు. వార్డుకొక పనుల జాబితా, ఇంటింటి పేర్ల జాబితా, ఒప్పుకున్న కూలి రేటు వేసవిలోనే సిద్ధం చేసి పెట్టుకోవచ్చు. మొదటి రెండు వారాల కూలి చేతికే ఇవ్వాలని కూడా అప్పుడే రాసుకోవాలి. తుపాను తర్వాత సెల్ టవర్లు పనిచెయ్యవు, ఖాతాలో పడ్డ డబ్బును అప్పు వాయిదా మింగేస్తుంది.

బందరులో, గుడివాడలో ఉండే పాఠకులకు నా విన్నపం ఇది. వచ్చే అక్టోబరులోగా మీ వార్డు సభ్యుణ్ణి, మీ పురపాలక కమిషనరును కలవండి. తుపాను మర్నాడు మా వీధికి ఏం పని ఉంది, కూలి ఎంత, మస్టరు ఎవరు రాస్తారు అని అడగండి. రాసిన మస్టరును మీ వీధిలో, మీ అందరి ముందు చదివించండి.